మైనపు దిమ్మతో దజీజ్ నుంచి కాన్సర్ ఆసుపత్రి దాకా

కువైట్ గురించి రాసేవాళ్ళు సముద్రపొడ్డు గురించో, చలికాలంలో ఎడారిలో వేసే గుడారాల గురించో రాస్తారు. నేను రాస్తున్నది ఒక పగలంతా టాక్సీలో తిరిగిన ప్రయాణం గురించి. రిగ్గైలో బయల్దేరి, అందలూస్ మీదుగా దజీజ్ వెళ్ళి, అక్కడినుంచి షువైఖ్ వైపున్న కాన్సర్ ఆసుపత్రికి చేరడం. ఈ దారి పట్టే అవసరం మీలో ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం నాకు తెలిసింది మీకూ తెలిసి ఉండాలి. నాలుగేళ్ళ కిందట నా రొమ్ములో గడ్డ తేలినప్పుడు ఏ కౌంటర్ ఎక్కడుందో చెప్పే దిక్కులేక ఆసుపత్రి వరండాల్లో కూర్చుని ఏడ్చినదాన్ని. ఇప్పుడు బాగానే ఉన్నాను, దేవుడి దయవల్ల, డాక్టర్ల దయవల్ల.

ఆదివారం పొద్దున రమణమ్మ ఫోన్ చేసింది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, అందలూస్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. సెలవు దొరికిన శుక్రవారం మా ఫ్లాటుకి వచ్చి కడుపారా కబుర్లు చెప్పి వెళ్తుంది. అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఇథియోపియా మనిషి పేరు అల్మాజ్. "అక్కా, మా అల్మాజ్‌కు రొమ్ములో గడ్డ అని చిన్న క్లినిక్కులో ముక్క తీసినారు గదా, కాయితం వచ్చింది. మూడిట్లోనూ లేదు లేదు అని రాసినారంట. ఆఫ్రికా ఆడోళ్ళకి వచ్చేది ఈ రకమేనంట, శానా జోరుగా పోతాదంట. ఊరికి పోయి అమ్మ దగ్గర ఉండమన్నారు. మామా వచ్చే ఆదివారానికి టికెట్టు గూడా తీసేసింది. నువ్వొక తూరి చూడక్కా" అని ఒకటే ఏడుపు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మామా అని వీళ్ళు పిలిచే ఆ ఇంటి యజమానురాలి మీద కాదు, ఆవిడ భయపడి మంచికే చేసింది. మనిషి ముఖం చూసి రోగం తేల్చేసిన ఆ చిన్న క్లినిక్ వాళ్ళ మీద. ఈ మూడు అంటే ఏమిటో నా చికిత్సప్పుడే తెలుసుకున్నాను. గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో దిమ్మగా పోస్తారు. దాన్ని పల్చని పొరలుగా కోసి గాజు పలకల మీద పరిచి, రంగు పట్టించి, కణాల్లో మూడు రకాల ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూస్తారు. మొదటి రెండూ ఉంటే ఆ గడ్డ ఆడహార్మోన్ తిని పెరుగుతోందని అర్థం, దానికి మాత్రలు బాగా పనిచేస్తాయి. మూడోది ఉంటే దానికి వేరే ఇంజెక్షన్లున్నాయి. మూడూ లేకపోతే గడ్డ నడక దూకుడుగా ఉంటుంది, కీమో మీద ఎక్కువ ఆధారపడాలి. దానికీ వైద్యం ఉంది, ఇంటికెళ్ళి పడుకోమనే రోగం కాదది. నా డాక్టర్‌కి ఫోన్ చేస్తే, మంగళవారం తీసుకురమ్మని, రిపోర్టు ఒక్కటే కాకుండా ఆ మైనపు దిమ్మనీ పలకల్నీ కూడా తెమ్మని చెప్పారు.

మంగళవారం ఏడు కాకముందే రిగ్గైలో టాక్సీ ఎక్కాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. రోజంతా ఉండడానికి పన్నెండు దినార్లకి మాట్లాడుకున్నాను, అలా మాట్లాడుకుంటే ఎండలో మళ్ళీ మళ్ళీ బండి వెతుక్కునే బాధ ఉండదు. డ్రైవర్ పేరు ఓబులేసు, రాజంపేట అతను. అందలూస్‌లో అల్మాజ్ బురఖాలాంటి నల్ల అబాయాలో గేటు దగ్గరే నిలబడి ఉంది. మామా ఆమె సివిల్ ఐడీ కార్డు నా చేతిలో పెట్టి, ఏదో అనబోయి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అల్మాజ్ వెనక సీట్లో కూర్చుని, "అన్నా, ఏసీ కొంచిం పెంచు, ఉడకేస్తాండాది" అంది.

ఓబులేసు బ్రేకు మీద కాలేసి వెనక్కి తిరిగాడు. "ఏ ఊరు మా నీది?"

"గోండార్."

"యాడుందది, లక్కిరెడ్డిపల్లె పక్కనా?"

అంతసేపూ బిగపట్టుకుని ఉన్న అల్మాజ్ ఫక్కున నవ్వింది. పదకొండేళ్ళు రమణమ్మతో ఒకే వంటింట్లో ఉంటే రాయచోటి తెలుగు రాక ఏమవుతుంది! నా గోదావరి మాటే ఆమెకి సగం అర్థం కాదు. "నువ్వు అండీ అండీ అంటావే, ఆ తెలుగు నాకు రాదక్కా" అంటుంది. ఉన్నమాటే కదా అని నేనూ నవ్వి ఊరుకున్నాను.

దజీజ్‌లో గోడౌన్లూ స్పేర్ పార్టుల కొట్లూ దాటాక, ఒక మేడ రెండో అంతస్తులో ఉంది పరీక్ష చేసిన ల్యాబు. ఎనిమిదింటికి తీస్తారు, ఆ తర్వాత గోడౌన్ల లారీల వల్ల దారి దొరకదు, కాబట్టి తెరిచేవేళకే ఉండండి. కౌంటర్ దగ్గర కుర్రాడు హిందీలో, "రిపోర్ట్ ఇచ్చేశాం కదా, ఖలాస్. దిమ్మతో మీకేం పని?" అన్నాడు. పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించాలన్నాను. మేనేజర్ లేడన్నాడు. రేపు రమ్మన్నాడు. నేను గొంతు పెంచేలోపు అల్మాజ్ ముందుకొచ్చింది.

"అక్కా, నా ఒంట్లోంచి తీసింది గదా అది. నాది నాకియ్యమని చెప్పు."

అదే మాట హిందీలో చెప్పాను. అతను ఆమె ముఖంలోకి చూసి, మారుమాట లేకుండా లోపలికి వెళ్ళాడు. సంతకం పెట్టించుకుని చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. వేడి తగలనివ్వకండి, బండిలో వదిలెయ్యకండి అని తనే జాగ్రత్తలు చెప్పాడు. పెట్టె తెరిస్తే రెండు మూడు గాజు పలకలు, తపాలా బిళ్ళంత తెల్లటి మైనపు దిమ్మ, అందులో బియ్యపు గింజల్లాంటి నాలుగు తునకలు. అల్మాజ్ చాలాసేపు దాన్నే చూసింది. "ఇంతేనా అక్కా? దీనికేనా నన్ను ఊరికి పొమ్మనింది?" అంది.

గజాలీ రోడ్డు ఎక్కేముందు టీ తాగుదామన్నాను. భయంతో ఆమె రాత్రి నుంచి ఏమీ తినలేదట. ఒక మలయాళీ టీ కొట్టు ముందు ఆపి, పెట్టె ఓబులేసుని పట్టుకోమని, పరాఠాలూ ఏలకుల కరక్ టీ చెప్పి కూర్చున్నాం. ముగ్గురికీ కలిపి దినారు కూడా కాలేదు. కాసేపటికి ఓబులేసు కూడా వచ్చి మా బల్ల దగ్గరే కూర్చున్నాడు, వట్టి చేతులతో.

"పెట్టె ఏదయ్యా?" అన్నాను.

"భద్రంగా పెట్టినా మా. బండి ముందర వెంకన్న పటం ఉండాది గదా, ఆ సామి పాదాల కాడ పెట్టినా. మంచి జరగాలని."

ఆగస్టు ఎండ. ఆపేసిన బండి. అద్దం వెనక డాష్‌బోర్డు మీద మైనం! "ఓరి నీ భక్తి తగలెయ్య!" అని నేను లేచేలోపే అల్మాజ్ పరుగెత్తింది. తాళం తీసేదాకా ఆగలేక తలుపు మీద రెండు చేతులతో బాదుతోంది. పెట్టె అట్ట కాలిపోతోంది. గుండె చేతబట్టుకుని తెరిచాం. దిమ్మ అంచు కాస్త మెత్తబడిందేమో గానీ కరగలేదు, తునకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఓబులేసు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తప్పయిపోయింది తల్లీ" అని అల్మాజ్‌కి దణ్ణం పెట్టాడు. పాపం, అతని ఉద్దేశం మంచిదే, తిట్టినందుకు నాకే చిన్నతనం అనిపించింది. అక్కడినుంచి ఆసుపత్రి దాకా ఆ పెట్టెని అల్మాజ్ ఏసీ గాలికి ఎదురుగా రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. ఊరికి పొమ్మంటే తలొంచుకున్న మనిషేనా ఈమె అని నాకు లోలోపల సంతోషం వేసింది.

తొమ్మిది దాటాక చేరాం. మొదట ఫైలు కౌంటర్‌కి వెళ్ళాలి, సివిల్ ఐడీ, బీమా కాగితం, రిఫరల్ ఉత్తరం మూడూ చేతిలో ఉంచుకోండి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. ఆడవాళ్ళ హాలు వేరే ఉంటుంది, చలిగా ఉంటుంది, శాలువా ఒకటి తెచ్చుకోవడం మంచిది. నా డాక్టర్ పెట్టె చూసి, మమ్మల్ని నేరుగా పలకలు చదివే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. మామూలుగా రోగులు అక్కడిదాకా వెళ్ళరు. ఆవిడ సూడాన్ మనిషి, పెద్దావిడ, నుదుటి మీదికి కళ్ళజోడు తోసుకుని ఉంది. పాత పలకని మైక్రోస్కోపు కింద పెట్టి, అటూ ఇటూ జరిపి, హఠాత్తుగా "ఇలా రండి" అని మమ్మల్నే పిలిచింది. అల్మాజ్‌తో అరబ్బీలో, నాతో ఇంగ్లీషులో మాట్లాడుతూ, రెండో కంటి గొట్టంలోంచి చూడమంది.

"ఇది గడ్డ. ఇవి గడ్డ పక్కన ఉన్న మామూలు పాలనాళాలు, ఆరోగ్యంగా ఉన్నవి. హార్మోన్ పరీక్షలో వీటిల్లో కొన్నింటికైనా గోధుమరంగు పట్టి తీరాలి. చూడండి, ఒక్కదానికీ లేదు. మంచివాటికే పట్టని రంగు గడ్డకి పట్టలేదని ఎలా అంటాం? అసలు రంగే పనిచెయ్యలేదు. ఈ రిపోర్టు 'లేదు' అని చెప్పడం లేదమ్మా, ఏమీ చెప్పడం లేదు."

నేను తెల్లబోయాను. అల్మాజ్ మాత్రం నిదానంగా అడిగింది, "ఆఫ్రికా వాళ్ళకి వచ్చేది ఆ రకమే అన్నారు గదా?"

డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దించింది. "ఆఫ్రికా అంటే ఒక్క ఊరా? పడమటి దేశాల ఆడవాళ్ళలో ఆ దూకుడు రకం ఎక్కువ కనబడే మాట నిజమే. మీ ఇథియోపియా వైపు హార్మోన్ రకం చాలామందిలో చూస్తాం. కానీ నేను దేశాన్ని బట్టి చెప్పను, నీ కణాల్ని బట్టి చెబుతాను. ఏ రకమైనా వైద్యం ఉంది. దిమ్మ తెచ్చారు కాబట్టి నిన్ను మళ్ళీ పొడవక్కర్లేదు. గురువారానికి చెబుతాను." అంతవరకూ ఆమెని నిలబెట్టింది ఏమిటో గానీ, అల్మాజ్ ఆ కుర్చీలోనే కూలబడి భోరుమంది. డాక్టరమ్మ ఆమె తల నిమురుతూ ఉండిపోయింది. నేను గోడవైపు తిరిగి నా కళ్ళు తుడుచుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మంచి నాళాలకి రంగు పట్టింది. గడ్డకి అంతకన్నా బాగా పట్టింది. హార్మోన్ ప్రోటీన్లు రెండూ ఉన్నాయి, మూడోది లేదు. ఆపరేషన్, రేడియేషన్, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాత్ర. వెంటనే అల్మాజ్‌కి ఫోన్‌లో చెప్పాను. "అక్కా, అయితే నేను ఇప్పుడు సచ్చిపోనా?" అంది. "ఇప్పుడు పోవే, నోర్ముయ్!" అన్నాను, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. మామాకి చెప్పడానికి వెళ్తే, ఆవిడ అల్మాజ్‌ని పట్టుకుని వదల్లేదట. ప్రయాణానికి సూట్‌కేసులో పెట్టిన బట్టలన్నీ పిల్లలే తిరిగి బీరువాలో సర్దారట.

మనది కాని దేశంలో మనకి ఎవరున్నారని అనుకుంటాం. ఆ రోజు నాకు లెక్కలేనంతమంది కనిపించారు. అడగగానే మెత్తబడ్డ ల్యాబు కుర్రాడు, పిచ్చి భక్తితో కొంప ముంచబోయిన ఓబులేసు, మనసులోని భయాన్ని టికెట్టుగా మార్చుకున్న మామా, ఓపిగ్గా పలక చూపించిన సూడాన్ డాక్టరమ్మ. అందరికీ రుణపడి ఉన్నాను. కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను గానీ, కృతజ్ఞత ముందు అది చిన్నదైపోయింది. ఇక మీకు నేనిచ్చే సలహా ఒక్కటే. మీ చేతికొచ్చిన కాగితంలో మూడూ లేవని ఉంటే, బెంబేలు పడకుండా, దిమ్మా పలకలూ అడిగి తెచ్చుకుని, పెద్దాసుపత్రిలో ఈ ప్రశ్న వెయ్యండి: "పక్కనున్న మంచి కణాలకి రంగు పట్టిందా?" ఆ ఆదివారం అడిస్ అబాబా వెళ్ళిన విమానంలో ఒక సీటు ఖాళీగా పోయింది. ఆ సీటు మనిషి ఆ వేళకి అందలూస్ వంటింట్లో రమణమ్మతో ఉల్లిపాయలు ఎవరు తరగాలని పోట్లాడుతోంది.