టిప్‌టో అంటే ఏంది?

సోమయ్య బాబాయ్ గారి చెవిన ఇంగ్లీషు మాట పడకూడదు. పడిందా, దాని అర్థమూ పుట్టుకా తేలేదాకా ఎదుటి మనిషిని కదలనివ్వరు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మేడ్చల్‌లో మా మూడంతస్తుల బిల్డింగు మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. లిఫ్టు లేదు కాబట్టి ఆయన్ని తప్పించుకునే దారీ లేదు.

ఒకసారి మా అమ్మాయి లిఖిత "బై తాతా" అంది.

"బై అంటే ఏంది బిడ్డా? యాడ పుట్టింది?"

అది ఆలోచిస్తుండగానే స్కూలు బస్సు వెళ్లిపోయింది. స్కూటీ మీద నేనే దింపి వచ్చాను. "దొరికిందా?" అన్నారు. బస్సు గురించి కాదు, మాట గురించి.

మెట్ల పక్క ఇంట్లో కుతుబుద్దీన్ గారి అమ్మాయి కనీజ్ ఉంటుంది. తుర్కపల్లి ల్యాబులో నైట్ డ్యూటీ. పొద్దున ఎనిమిదికి క్యాబ్ దిగి పడుకుంటే, మా అడుగుల చప్పుడుకి పది నిమిషాలకోసారి లేస్తుంది. ఈమధ్య డ్యూటీలో కునుకు తీస్తూ దొరికిపోయింది. ఇంకోసారైతే ఇంటికి పంపేస్తామన్నారట. "మా అబ్బా నౌకరీ ఇడిచిపెట్టమంటాండు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అసోసియేషన్ సెక్రటరీ పద్మలత గారు జాలిపడి మెట్ల దగ్గర ఇంగ్లీషులో కాగితం అంటించారు: ‘ప్లీజ్ టిప్‌టో’.

ఇంగ్లీషులోనా! ఆ పిల్లకి ఉన్న నిద్ర కూడా పోయిందనుకున్నాను.

"తేజస్వీ, టిప్‌టో అంటే ఏంది?"

"మునివేళ్ల మీద నడవడం, బాబాయ్ గారూ."

"మునులు గట్ల నడుస్తరా?"

"మునులు కాదండీ, వేళ్ల కొసలు. టిప్ అంటే కొస, టో అంటే కాలివేలు. చప్పుడు కాకుండా నడవడమన్నమాట. ఆరువందల ఏళ్లు దాటిన మాటట."

"ఆరువందల ఏండ్ల సంది నడుస్తాందా!" అని నోరు తెరిచారు. తేలిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు దిగుతుంటే, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చిన పరమేశ్‌ని ఆపి ఉన్నారు.

"టిప్ అంటే హోటల్ల ఇచ్చేది. టో అంటే పోలీసోళ్లు బండి గుంజుకపోవుడు. రెండు కలిస్తే ఏందిరా?"

పరమేశ్ సిలిండర్‌ని మెల్లగా దించి బుర్ర గోక్కున్నాడు. "హోటల్ ముంగట బండి గుంజుకపోతే, టిప్ ఇచ్చి ఇడిపించుకునుడా సార్?"

నా బుర్ర తిరిగిపోయింది. నిన్న నేను చెప్పిందేమైంది? ఆయనకి మతిమరుపు మొదలైందా? కొరియరు కుర్రాణ్ణీ, పాలమనిషినీ, రెండో అంతస్తు కాలేజీ పిల్లలనీ కూడా అదే అడిగారట!

"బాబాయ్ గారూ, నిన్ననే చెప్పాను కదా!" అని గట్టిగా అన్నాను.

"సప్పుడు జేయకు బిడ్డా." ఆయన గొంతు గుసగుసకి మించలేదని అప్పుడు గమనించాను. "సప్పుడు జేయొద్దంటే మందికి కోపమొస్తది. మెట్లు నీ ఒక్కనియా అంటరు. అర్థమడిగితే మస్తు ఖుషీగ చెప్తరు. సప్పుడు గాకుంట నడువుడని తమ నోటితోని చెప్పినంక, మళ్ల దబదబ ఎట్ల ఎక్కుతరు?"

పరమేశ్‌కి మాత్రం ఆయనే అర్థం చెప్పారు. చెప్పి, సిలిండర్‌ని ఒకవైపు పట్టుకున్నారు. ఇద్దరూ పిల్లుల్లా పైకెక్కారు.

సాయంత్రం నాలుగింటికి కనీజ్ తలుపు తెరిచింది. చెంప మీద దిండు ముడతలు. మెట్ల దగ్గరున్న నన్నూ బాబాయ్ గారినీ అయోమయంగా చూసింది.

"తేజస్వక్కా, ఎనిమిది గంటలు పడుకున్న! బిల్డింగంత ఖాళీ ఉన్నది. అందరు యాడికి పోయిండ్రు?"

జవాబు చెప్పేలోగా మెట్ల మలుపులో పద్మలత గారు కనిపించారు. చెప్పులు చేతిలో, చీర కుచ్చెళ్లు ఇంకో చేతిలో, మునివేళ్ల మీద ఊగుతూ దిగుతున్నారు. మమ్మల్ని చూసి ఒక కాలు గాల్లోనే ఆపేశారు.

ముందు నవ్వింది కనీజే.