దావను దున్నిన రోజులు

ట్రాక్టరు సీటు మీద కూర్చుంటే లోకమంతా కాస్త కిందగా కనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. మా నాయన కొన్న ట్రాక్టరును జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో బాడుగకు తోలేవాణ్ణి. ప్రొద్దుటూరులో కొన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని (దుమ్ముకోసమని ఇంట్లో చెప్పాను), తాడు పట్టి గీసినంత తిన్నగా సాళ్లు తీసేవాణ్ణి. "సాలు తీస్తే నువ్వే తీయాల" అని ఎవరైనా అంటే ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. అలా మెచ్చుకునేవాళ్లలో ఇద్దరు ముందుండేవాళ్లు. ఒకాయన నాకు వరసకు మామ, ఇంకొకాయన పెదనాయన. ఊరి దావకు తూర్పున ఒకరి చేను, పడమర ఇంకొకరి చేను కాబట్టి వాళ్లను తూర్పు మామ, పడమటి పెదనాయన అనుకుందాం.

ఆ దావ వాళ్ల తాతలు చెరికొంత నేల వదిలి, మాట మీద ఏర్పాటు చేసిన బండిబాట. కాగితం లేదు. అటూ ఇటూ రాళ్లు పేర్చిన గట్లు, గట్ల నిండా గడ్డి. దావ చివర మా చిన్నమ్మ చేను. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ చేలో పండే శనగ మీదే. దుక్కి రోజుల్లో తూర్పు మామ వచ్చి నిలబడి, "అల్లుడా, రోంత అట్ల తిప్పు. టైరు ఒకటి ఎక్కితే ఏం బోతాది?" అనేవాడు. టైరు ఎక్కితే గట్టు పోతుందని నాకు తెలీదా? తిప్పేవాణ్ణి. వారం తిరక్కముందే పడమటి పెదనాయన పిలిచేవాడు. "వాడు రోంత తిన్న్యాడంట గదబ్బీ. మనం ఊరికే సూస్తాండాల్నా?" అటువైపూ తిప్పేవాణ్ణి. పోనీ నేలకు మొహం వాచినవాళ్లా అంటే, కాదు. మామ ఎకరాలకు ఎకరాలు బీడు పెట్టుకున్న ఘనుడు. పెదనాయన చక్కని చీనీతోటను, అంటే బత్తాయి తోటను, పట్టించుకోక ఎండబెట్టి, కట్టెలకు అమ్ముకున్న మేధావి. ఉన్న నేలను సాగు చేసే ఓపిక లేదు గానీ, దావలో జానెడు కనిపిస్తే ఇద్దరికీ నోట్లో నీళ్లూరేవి. ఏటా ఇలా తిని తిని గట్లు అయిపోయాయి, గడ్డి అయిపోయింది, చివరికి దావే అయిపోయింది.

ఆ ఏడు శనగ కోతకొచ్చిన రోజుల్లో మబ్బు పట్టింది. చిన్నమ్మ కంగారుపడి మైదుకూరు నుంచి కోత మిషన్ పిలిపించింది. దాని డ్రైవరు దిగి, "దావ యాడప్పా?" అన్నాడు. ఒక మనిషి నడిచేంత సందు చూపించాను. "ఈడ మేక పోతాదేమో. మిషన్ ఎట్ల పోతాది?" అని, రెండు వైపులా చూసి, "ఎవురో గానీ శానా తిన్నగా దున్నినారు" అని మెచ్చుకున్నాడు. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. చిన్నమ్మ ఇద్దరినీ బతిమాలింది. "మీ పంటలో రెండు సాళ్లు ముందే కోసుకోండన్నా, మిషన్ పోతాది."

"ముందు దున్నింది ఆయప్ప. ఆయప్పనడుగు" అన్నాడు తూర్పు మామ.

"నా దగ్గర యాడుంది దావ? అంతా వాని కడుపులోనే ఉండాది" అన్నాడు పడమటి పెదనాయన.

మిషన్ వెనక్కి పోయింది. కూలీలు కొడవళ్లతో కోసి, మోపులు నెత్తిన పెట్టుకుని ఆ సందులో ఒకరి వెనక ఒకరు మోశారు. సగం మోయకముందే వాన వచ్చింది. తడిసి నల్లబడ్డ శనగలను చిన్నమ్మ దోసిట్లోకి తీసుకుని చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. చేను కౌలుకిస్తానన్నా తర్వాత ఎవరూ రాలేదు. దావ లేని చేను ఎవరికి కావాలి?

వానాకాలం రానే వచ్చింది. పై నుంచి దిగే నీళ్లను ఇన్నేళ్లూ ఆపింది ఆ గట్లూ, ఆ గడ్డే. అవి లేకపోయేసరికి ఒక్క పెద్దవానకు నీళ్లు వాలు పట్టుకుని ఉరికి, పాత దావ ఉన్నచోటే బండి పట్టేంత వెడల్పున, మెలికలు తిరుగుతూ గండి కొట్టాయి. ఇద్దరి చేలలో పైమట్టి కొట్టుకుపోయి వంకలో కలిసింది. జానెడు జానెడు పోగేసిన మహానుభావులు గండి ఒడ్డున చెరో వైపు నిలబడ్డారు. ఊరంతా చూడటానికి వచ్చింది. దాన్ని పూడ్చమని నన్ను పిలిచారు, ఖర్చు ఎవరిదన్నాను. మామ, "అది నాది గాదు, వాన్ది" అన్నాడు. పెదనాయన, "నాది యాడప్పా? నా చేను ఈడికే అయిపాయ" అని రెండడుగులు వెనక్కి కూడా జరిగాడు. (నేల విషయంలో వాళ్లు వెనక్కి జరగడం ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు.)

అంతవరకూ చేతులు కట్టుకుని నిలబడ్డ చిన్నమ్మ ముందుకొచ్చింది. "అయితే ఇది మీ ఇద్దరిదీ గాదంటారు?"

"గాదు!" ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు.

"పదిమందీ ఇన్నారు గదా. ఇంగ ఇది నాది. నా చేనికి దావ."

ఇద్దరూ గండి కేసి ఒకసారి, ఒకరి కేసి ఒకరు ఒకసారి చూసుకున్నారు. ఆ మొహాలు చూడటానికి ఎన్ని దుక్కులైనా ఊరికే దున్నొచ్చు.

వంకలోని గుండ్రాళ్లూ, గరుసూ తోలి నేనే పూడ్చాను, బాడుగ లేకుండా. మెలికలు చూసి నా చేతులు ఊరుకోలేదు. "రోంత తిన్నగా ఏస్తా చిన్నమ్మా" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "వద్దు నాయనా. తిన్నగా ఏస్తే వాళ్ల చేన్లో పడతాది. వాళ్లు గాదన్నంత మేరకే నాది." అలా ఆ దావ వంకరగానే తయారైంది. మరుసటి ఏడు మళ్లీ అదే మిషన్ వచ్చింది. డ్రైవరు మెలికల్లో స్టీరింగు తిప్పలేక చెమటలు కక్కుతూ చిన్నమ్మ చేను చేరాడు. దిగీ దిగగానే, "ఏ గుడ్డోడు ఏసినాడప్పా ఈ దావ?" అని అరిచాడు.

"నేనే" అన్నాను. తాడు పట్టినంత తిన్నగా దున్నుతానని అంతకాలం మురిసిన ఆ కుర్రవాడు, అంత గర్వంగా ఆ మాట అన్నది జీవితంలో అదే మొదటిసారి. తలచుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది.