పుట్టిలో ముందు కూర్చున్న ఐలవ్వ

అప్పటికి ఆ రేవు దగ్గర గోదావరి మీద వంతెన లేదు. కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు ఇసుక దగ్గరే ఆగిపోయేది. ఆసిఫాబాద్ పోయేవాళ్లయినా, మందమర్రి బొగ్గుబాయికి పోయేవాళ్లయినా మూటలు నెత్తిన పెట్టుకొని దిగేవాళ్లు. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో ఆవలి ఒడ్డు చేరి, అక్కడ ఇంకో బండి చూసుకునేవాళ్లు. వాళ్ల తాతలు కాశీకి నడిచిపోయిందీ ఆ రేవు దాటే.

పుట్టి అంతయ్యది. వానకాలం చివర జ్వరమొచ్చి అంతయ్య పోయాడు. పదమూడేళ్లు అతని పక్కన తెడ్డు వేసిన భార్య ఐలవ్వ, దినాలు కాగానే అతని రుమాలు తలకు చుట్టుకొని రేవుకు వచ్చింది.

ఎవరూ ఎక్కలేదు. ప్రయాణం మొదట్లోనే ముండమోపి ముఖమా అని వెనక్కి తిరిగారు.

మరిది హనుమండ్లు నచ్చజెప్పాడు. "ఇంట్ల కూసో వదినె. పెద్దమనుషులు వారపు అంగడినాటిదాక చూస్తరట. ఎవ్వలెక్కకుంటె రేవు నాకిస్తమన్నరు."

"అంగడి రేపు గద. గప్పటిదాక తెడ్డు ముట్టకు" అంది ఐలవ్వ.

ఇంట్లో ఉంటే ఆ రుమాలు దండెం మీద వేలాడుతుంది. దాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు.

అంగడినాడు పొద్దున్నే కొమురెల్లి అనే పడుచువాడు రేకుపెట్టెతో వచ్చాడు. రెండు రోజులుగా ఆమెను చూసి జడిసి, ఒడ్డు మీది గుడిసెలోనే పడుకుంటున్నవాడు. సాయంత్రానికల్లా మందమర్రిలో హాజరు కాకపోతే బాయి పని ఇంకొకరికి పోతుంది.

"అక్కా, ఎక్కుత. గని నువ్వు నా ఎనుక కూసో. నీ మొకం నాకు కనవడద్దు. ఏమనుకోకు."

"నేనేమనుకుంట తమ్మీ. గట్లనే కూసుంట."

పుట్టిని ముందు కూర్చొనే లాక్కుపోవాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఒడ్డున నిలబడి చూస్తున్న హనుమండ్లుకూ తెలుసు. ఐలవ్వ వెనక కూర్చొని ఉన్న బలమంతా పెట్టి తెడ్డు వేసింది. పుట్టి తిరగలిలా గిర్రున తిరిగింది. కొమురెల్లికి ఒకసారి ఒడ్డు కనిపించింది, ఒకసారి ఏరు, మళ్లీ ఒడ్డు. పెట్టెను కావిలించుకొని కళ్లు మూసుకున్నాడు.

"బాంచెన్ అక్కా, ఇదేంది, ఆపు!"

"నేను ఎనుకనే ఉన్న గద. నీ శకునం మంచిగనే ఉన్నది."

ఒడ్డు మీద ఎవరో ఫక్కున నవ్వారు. "గిట్లనే తిరుగుర కొమురెల్లీ, మందమర్రే గీడికి అస్తది!"

"ముంగటికి రా అక్కా, నీ కాల్మొక్త."

"అస్త. గని కండ్లు మూసుకుంటె రాను. నన్ను చూసుకుంటనే పోవాలె."

అతను కళ్లు తెరిచాడు. ఐలవ్వ అతన్ని దాటి ముందుకు వచ్చి, రుమాలు బిగించి, మోకాళ్ల మీద కూర్చుంది. పుట్టి తిన్నగా సాగింది. ఆవలి ఒడ్డున దిగిన కొమురెల్లి పెట్టె నెత్తిన పెట్టుకొని బండి కోసం పరుగెత్తాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి అంగడికి పోయేవాళ్లు నలుగురు నీళ్ల అంచున నిలబడి ఉన్నారు. హనుమండ్లు మోకాలిలోతు దిగి, తెడ్డు కోసం చెయ్యి చాపాడు.

"పుట్టి కదలకుంట తాడు పట్టుకో" అంది ఐలవ్వ. "నలుగురెక్కాలె."