ముసురులో దూది

1979 జూలైలో వారం రోజులుగా దూదేకుల సాబ్జాన్ హిందూపురం స్టేషనుకు పోయి, బెంగుళూరు రైలు దిగినవాళ్ల గొడుగులు తాకి చూస్తున్నాడు. ఊళ్లోకి దూదేకే మిషన్ వచ్చాక అతణ్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. బెంగుళూరులో పరుపుల అంగడాయన శుక్రవారంలోగా వచ్చి పనిలో చేరమన్నాడు. అక్కడేమో ఎడతెగని ముసురు. చెమ్మకు దూదేకే వింటికి కట్టిన నరం వదులైతే దూది విడదు, ముద్దలుగా పడుతుంది. ముప్పై ఏళ్ల పనివాణ్ని పని రాదని పంపేస్తే?

ఆ రోజు పూలమ్మే తిప్పమ్మ రైలు దిగుతూ నవ్వింది. “ఏమప్పా, దినామూ వస్తాండావు, బెంగుళూరు ముసురు సంగతే అడుగుతాండావు, దానికేమన్నా పిల్లనిస్తాండావా?”

“ఉతికిన గుడ్డలు ఆరతాండాయా అక్కా?”

“మూడు దినాలైనా ఆరలేదు. నా కోక పిండి చూడు.”

ఇంటికొచ్చి నరానికి తడిగోనె చుట్టి ఉంచాడు. భార్య మాబున్నీ అదిరిపడింది. “తెగిపోతాది కదయ్యా! మతి పోయిందా?”

“బెంగుళూరు ముసురును ఈడికే తెచ్చుకుంటాండా. ఆడ నలుగుర్లో సిగ్గుపడే కంటే, నీ ముందర పడితే మేలు.”

గోనె తీసి, నరాన్ని దూదికి ఆనించి కొట్టాడు. నరం మోగలేదు, దూది కదల్లేదు. బిగువు పెంచి, దెబ్బ తగ్గించి మళ్లీ మళ్లీ కొట్టాడు. పొద్దు వాలేసరికి నాలుగు దూది పోగులు విడి పైకి లేచాయి. నరం ఆరిపోతోందని మాబున్నీయే గుర్తించి, చెంబెడు నీళ్లు తెచ్చి దాని మీద చిలకరించింది.