మైకమ్మ దవడ

మైకమ్మ నోరు తెరిస్తే అందులో గుమ్మడికాయ పట్టేది. కాయకు కాయ, తొడిమతో సహా. సరే, గుమ్మడికాయ అన్నది కాస్త పెద్ద మాటే. బత్తాయి అనుకుందాం. బత్తాయి దగ్గర మాత్రం బేరాల్లేవు. నేత మిల్లులో ఆవిడతో కలిసి పనిచేసిన వాళ్ళెవరిని అడిగినా చెబుతారు.

అంత నోరు ఊరికే రాలేదు. ఆ షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా దడదడలాడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అక్కడ మాట చెవికి కాదు, కంటికి. గొంతు పెగల్చే పని లేదు. పెదవులనూ దవడనూ సాగదీసి ఒక్కో మాటనూ గాలిలో బొమ్మ గీసినట్టు గీయాలి. ఆ విద్యలో ఆవిడను కొట్టినవాళ్ళు లేరు. ఈ చివర నిలబడి సూపర్‌వైజరు మీద ఒక జోకు విసిరితే ఆ చివర మగ్గం దగ్గర మనిషి పొట్ట పట్టుకునేవాడు. చప్పుడు లేకుండా షెడ్డంతటికీ వార్తలు వినిపించేది కనుక మైకమ్మ అయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఎవరైనా పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూసేది.

ఆ నోటిని కట్టుకున్నవాడు ఫిట్టరు. మగ్గాలు బాగుచేస్తూ చేస్తూ తన చెవులు పాడుచేసుకున్నాడు. చెవుడు వచ్చిందని అతను బాధపడగా ఎవరూ చూడలేదు. బాధెందుకు? పక్కన ఆవిడ ఉంది. బజారులో కూరగాయల మనిషి ఏమన్నా, బస్సులో కండక్టరు ఏమన్నా పెళ్ళాం ముఖం కేసి చూసేవాడు. ఆవిడ అదే మాటను మిల్లు భాషలోకి దించి, తన ఉప్పూకారం కలిపి అందించేది. వేరేవాళ్ళ పెదవులు అతనికి చీమల బారు. ఆవిడ పెదవులు గోడ మీద సినిమా పోస్టరు. ఇద్దరికీ చదువు అబ్బలేదు గనుక కాగితం మీద రాసుకునే దారి కూడా లేదు.

పోట్లాటల్లో గెలుపు మాత్రం అతనిదే. ఓడిపోతున్నానని తెలియగానే కళ్ళు మూసుకునేవాడు. ఆపైన ఆవిడ ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పినట్టే.

మిల్లు మానేసే నాటికి ఆవిడ కుడి దవడలో ఒక చప్పుడు స్థిరపడింది. నోరు తెరిస్తే టక్కు. ఆవలిస్తే టక్కు. అతనికి ఆ సంగతే తెలియదు, వినబడితే కదా! ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం ఊరుకునేది కాదు. "వదినా, ఆ దవడకు కాస్త నూనె పెట్టు. గేటు తీసినట్టుంది" అనేది.

ఒక సాయంత్రం ఫిట్టరు వంటింటి కుళాయి విప్పి వాషరు మారుస్తున్నాడు. మైకమ్మ ఎదురుగా నిలబడి ఏది ఎటు తిప్పాలో నేర్పుతోంది. జన్మంతా మరలతో కాపురం చేసినవాడికి!

"ఒక్క రోజు నోరు మూసుకుని ఉండి చూడవే!" అన్నాడు. చెవిటివాడి గొంతు కదా, వీధంతా విన్నది. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో!"

"నీకు వినబడి చచ్చిందా, ప్రశాంతం!" అంది ఆవిడ.

అతను కళ్ళు మూసుకున్నాడు.

తెల్లారి ఆవిడ పళ్ళు తోముకోబోతే బ్రష్షు లోపలికి పోలేదు. నోరు ఒక్క వేలి మందం తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. ఇంకాస్త తెరవబోతే చెవి ముందు మేకు దిగినట్టయింది. అద్దంలో చూసుకుంటే గడ్డం కుడివైపుకు ఒరిగిపోతోంది. టక్కు మాత్రం లేదు.

"పోన్లే, ఆ చప్పుడన్నా పోయింది, పీడ విరగడైంది" అని ఇస్త్రీ వదిన సంబరపడింది. "రెండ్రోజులు కాపడం పెట్టు, అదే దారికొస్తుంది." ఆ టక్కు ఉన్నన్నాళ్ళూ దవడ ఎలాగోలా తన పని చేసుకుంటోందనీ, అది ఆగిపోవడమే అసలు ముప్పనీ ఆ వీధిలో ఎవరికి తెలుసు?

అయితే, ఆవిడ మూగది కాలేదు. గొంతు ఉంది, నాలుక ఉంది. బిగిసిన పళ్ళ సందుల్లోంచి మాట నలిగి వచ్చినా చెవులున్నవాళ్ళకు అందుతోంది. పాలవాడికి అందింది. ఇస్త్రీ వదినకు అందింది. ఈ లోకంలో ఒక్క మనిషికే అందలేదు. అతను చూస్తూ బతికింది ఇంత పెద్ద నోరు. ఇప్పుడు అతని ఎదుట ఉన్నది సన్నటి చీలిక. అందులో 'అన్నం' అన్నా 'ఇల్లు' అన్నా ఒకే తీరు. అతనికి కనిపించేది కరిచిపట్టిన పళ్ళు, ముడిపడ్డ కనుబొమలు. నొప్పి ముఖమూ కోపం ముఖమూ అక్కాచెల్లెళ్ళలాంటివి, దూరం నుంచి ఒకరిని చూసి ఒకరనుకుంటాం.

మొదట నవ్వాడు. "ఏదో నోరు జారితే నిజంగానే మూసేశావా? గట్టిదానివే!"

తర్వాత బతిమాలాడు. "సరేనే, తప్పు నాదే. ఇక తెరువు."

ఆవిడ తెరవబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు తెరుచుకోలేదు.

"ఏడుస్తావు గానీ మాట్లాడవు. అంతేగా?"

ఆ మధ్యాహ్నం అతను కిటికీలోంచి చూశాడు. గడపలో ఆవిడ పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఎదురుగా ఇస్త్రీ వదిన తలాడిస్తోంది, జవాబు చెబుతోంది, నవ్వుతోంది కూడా. అతని ముఖం మాడిపోయింది. లోకమంతటితోనూ మాటలున్నాయి, తన ఒక్కడితోనే లేవు.

ఇస్త్రీ వదినకు జాలేసి లోపలికి వచ్చింది. "అన్నయ్యా! వదినకు దవడ పట్టేసింది!" అని అరిచింది. అతను ఆమె పెదవుల కేసి అయోమయంగా చూశాడు. ఆమె తన దవడను తనే రెండు చేతులతో పట్టుకుని బిగించి చూపింది.

"తెలుసులేమ్మా, మూసుకుంది! నేను మూసుకోమన్నాను, ఆవిడ మూసుకుంది. నడుమ నీ వెక్కిరింపొకటా?"

ఆనాటి నుంచి అతను గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నాడు. సరుకులకు ఒక్కడే వెళ్ళాడు. దుకాణదారు ఏదో అడిగితే అలవాటుగా పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. వెనక హారన్లు మోగుతుంటే తెలియక రోడ్డు మధ్యలో నడిచి మోచెయ్యి చెక్కుకుని వచ్చాడు. ఇన్నేళ్ళుగా లేని చెవుడు అతనికి ఆ రోజే వచ్చింది. మైకమ్మ గుడ్డ తడిపి దగ్గరికి వెళితే చెయ్యి లాక్కున్నాడు.

ఆవిడ గంజి పీల్చుకుంటూ చిక్కిపోయింది. జీవితమంతా వాగిన మాటలన్నీ వెనక్కి తిరిగి వచ్చి గొంతులో వరస కట్టినట్టుండేది. ఆ వరసలోంచి ఒక్కటి, ఒకే ఒక్కటి అతనికి చేరితే చాలు: ఇది అలక కాదయ్యా. చెప్పడానికి ఆవిడ దగ్గర ఇల్లంతా ఉంది, తలుపే లేదు.

ఒక ఉదయం అటక మీంచి ట్రంకు పెట్టె దిగిన చప్పుడైంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి అతను చొక్కాలు సర్దుకుంటున్నాడు.

"అక్క ఊరికి పోతున్నా" అన్నాడు, పెట్టెకు చెబుతున్నట్టు. "అక్కడా నాకు ఏమీ వినబడదు. కానీ పంతం పట్టి మాట్లాడని వాళ్ళుండరు."

ఆవిడ చుట్టూ వెతికింది. కళ్ళకు మిల్లు నాటి చెక్క కండె కనిపించింది, నూలు చుట్టేది, ఒక కొస సన్నగా ఉంటుంది. వంటింట్లోకి తీసుకెళ్ళి ఆ కొసను పళ్ళ మధ్య దూర్చి మీటలా పైకి ఎత్తింది. కళ్ళ ముందు చీకటి కమ్మింది. చిగురు చీరుకుని నోరంతా ఉప్పగా అయింది. దవడ మాత్రం గోరంత కూడా కదల్లేదు. మళ్ళీ ఎత్తింది. కండె విరిగింది.

వెళ్ళి అతని ముందు నిలబడింది. అతను ఆవిడ కేసి చూడలేదు. ఎప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇక మిగిలిన దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడు ఆవిడ అతని రెండు చేతులూ లాగి, వేళ్ళను తన రెండు చెవుల ముందు ఆనించి అదిమిపట్టింది. అతను విడిపించుకోబోయాడు. ఆవిడ వదల్లేదు. నోరు తెరవబోయింది. మూసింది. మళ్ళీ తెరవబోయింది.

మిల్లు హోరులో ఏ మగ్గానికి ఏ జబ్బో చెవితో తెలిసేది కాదు. చట్రం మీద అరచెయ్యి ఆనించి చూసుకోవాల్సిందే. అతని చేతులకు ఆ బుద్ధి ఇంకా పోలేదు. ఎడమ వేళ్ళ కిందా కుడి వేళ్ళ కిందా కదలిక ఒకేలా లేదు. ఒకవైపు కీలు ముందుకు జారుతోంది. రెండో వైపు ఏదో అడ్డుపడి ఆగిపోతోంది.

"మళ్ళీ తెరువు" అన్నాడు, కళ్ళు మూసుకునే.

తెరవబోయింది.

"ఓసినీ, ఇది జామైందే!" వీధి మళ్ళీ విన్నది. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ పెదవుల మీద నెత్తురు. "అయితే… నేను మూసుకోమన్నానని కాదా?"

ఆవిడ అడ్డంగా తలూపింది. అతను ట్రంకు మీద కూలబడి ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో తెలియని మనిషి ఏడుపు అది. ఇస్త్రీ వదిన తన ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

పళ్ళ డాక్టరమ్మ ఒక పుర్రె బొమ్మను బల్ల మీద పెట్టి చెప్పింది. "ఇదిగోమ్మా, చెవి ముందు పుర్రెలో ఈ గుంట. కింది దవడ బుడిపె ఇందులో కూర్చుంటుంది. రెంటి మధ్య చిన్న మెత్త. నోరు తెరిస్తే బుడిపె ముందు తిరుగుతుంది, ఆపైన ముందుకు జారుతుంది, మెత్త కూడా దాంతోపాటే. మీ మెత్త ఎప్పుడో ముందుకు తప్పుకుంది. నోరు తెరిచినప్పుడల్లా బుడిపె దాని మీదికి గెంతేది, అదే ఆ టక్కు. ఇప్పుడు గెంతలేకపోతోంది. మెత్త దారికి అడ్డంగా ముడుచుకుపోయింది. పళ్ళు బిగబట్టే అలవాటుందా?"

మగ్గాల హోరులో పళ్ళు బిగబట్టని వాళ్ళెవరు?

డాక్టరమ్మ బొటనవేలు కింది దంతాల మీద పెట్టి దవడను కిందికీ ముందుకూ లాగింది. కాస్త వదులైంది, అంతే. "ముందే రావాల్సింది. కాపడం, మెత్తటి తిండి, నేను చూపించే కసరత్తు. రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటే మంచిదే. కానీ మునుపటిలా నోరు సాగదీసి మాట్లాడటం ఇక మరిచిపోండి, కీలు ఓర్చుకోదు."

ఫిట్టరు అలవాటుగా పెళ్ళాం ముఖం వైపు తిరిగాడు, డాక్టరమ్మ ఏమందో చెప్పమని.

ఆ మాట చెప్పడానికే ఆవిడకు నోరు లేదు. జన్మంతా అందరి మాటలూ అతనికి మోసిన మనిషి ఈ ఒక్కదాన్ని మోయలేక, పుర్రె బొమ్మ కేసి చూస్తూ ఉండిపోయింది. అతను కుర్చీ లాక్కుని జానెడు దూరంలోకి వచ్చి కూర్చున్నాడు.

"చిన్నగానే అను. చూస్తాను."

ఆవిడ ఏదో అంది. అతనికి అందలేదు.

"మళ్ళీ."

ఇంకోటి అంది. అదీ అందలేదు. బయట బెంచీ మీద రోగులు విసుక్కుంటున్నారు. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఈసారి ఆవిడ పెదవులు మాత్రమే గుండ్రంగా ముందుకు చాచింది. ఆ మాటకు దవడతో పెద్దగా పని లేదు.

అతను చాలాసేపు చూశాడు. "ఉండు... అన్నావా?"

ఆవిడ తలూపింది.

"ఉన్నానుగా" అన్నాడు.

ఇదంతా మైకమ్మ ముందు చెబితే, రెండు వేళ్ళు పట్టేంత నోటితోనే ఎగిరిపడుతుంది. "ఎవడు పుట్టించాడీ కథ? నా దవడ ఏనాడూ పట్టలేదు. ఆయన పెట్టె సర్దలేదు, గోడ వైపు తిరిగి కూర్చోనూ లేదు. మా ఇద్దరి మధ్య మాట ఒక్క పూట కూడా ఆగలేదు. ఆయనకు చెవుడేంటి, నిక్షేపంలా వినబడుతుంది!"