టెర్మినల్‌లో ఆరిన నల్లబండ

దయ్యం, గాలి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. కానీ మా తమ్ముడి కంప్యూటర్‌లో చూసినదాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. ఇంతవరకు నేను ఎప్పుడూ ఏమీ రాయలేదు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది బేతంచెర్ల. నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా తమ్ముడు సుధాకర్ ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేసేవాడు. ఇంట్లో మేమిద్దరమే.

వాడి పనంతా టెర్మినల్ అనే ఒక కిటికీలో. అందులో అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. వాడు టైపు చేస్తే ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్లు చెప్పినట్టు వింటాయట. సరిగా జరిగితే పచ్చ అక్షరాలు, తప్పు జరిగితే ఎర్ర అక్షరాలు వస్తాయి. ఆ రెండిటికీ తేడా తెలియకపోతే ఉద్యోగం లేదు.

ఒక ఎండాకాలం వాడికి ఆ అక్షరాలు మసకగా కనపడడం మొదలైంది. తెర రంగులు బాగాలేవనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. బండల ఊరివాళ్ళం కదా. మా దగ్గర బండ మసకగా ఉందంటే దాని మీద దుమ్ముందని అర్థం. చెంబు నీళ్ళు పోస్తే అసలు రంగు బయటపడుతుంది. నీళ్ళు పోసి చూడకుండా బండ కొనేవాడు మా ఊళ్ళో ఉండడు. చూసేవాడి కన్ను ఎట్లా ఉందని మాత్రం ఎవరూ అడగరు.

టెర్మినల్ రంగులు ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చని వాడే చెప్పాడు. నేను ఫ్యాక్టరీ నుంచి విరిగిన ముక్కలు తెచ్చాను. లేత పసుపు, పచ్చ, ఇటుక రంగు. తడిపి పక్కన పెడితే, వాటిని చూస్తూ అక్షరాల రంగులు కుదుర్చుకున్నాడు. వెనక మాత్రం కడప నల్లబండ కావాలన్నాడు. పెరట్లో మేం బట్టలుతికే నల్లబండ మీద నీళ్ళు పోసి, ఫోనుతో ఫోటో తీసి, దాన్ని అక్షరాల వెనక పెట్టుకున్నాడు.

ఫ్యాక్టరీలో మా మేస్త్రి విని పగలబడి నవ్వాడు. "ఏమమ్మా, కంప్యూటర్‌లో బండలు పరుస్తాండారంటనే. గృహప్రవేశానికి మమ్మల్ని పిలుస్తారా లేదా?"

"పిలుస్తాం లేన్నా. చెప్పులు బయటే ఇడిసి రా," అన్నాను.

కొన్నాళ్ళు బాగానే ఉంది. "ఇప్పుడు కంటికి సల్లగా ఉండాదక్కా," అనేవాడు.

ఒక పొద్దున టీ ఇస్తూ చూస్తే, ఆ ఫోటోలో బండ నాలుగు మూలలా తెల్లబడి ఉంది. ఎండలో తడి బండ అంచుల నుంచి లోపలికి ఎలా ఆరుతుందో, అచ్చం అలాగే. ఆరిన చోట సన్నటి దుమ్ము కూడా కనిపిస్తోంది.

"ఒరేయ్, నీ బండ ఆరిపోతాంది రా."

"ఫోటో యాడన్నా ఆరుతాదా అక్కా? నీకు ఎండదెబ్బ తగిలినట్టుండాది." నవ్వుతూనే తల తిప్పి మూలకు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

రంగులు రాసిపెట్టుకున్న ఫైలు తెరిచాడు. అందులో ఏదీ మారలేదు. ఫోనులో ఫోటో చూశాడు. అక్కడ బండ నిండా తడే. దాన్నే మళ్ళీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నల్లగా, తడిగా వచ్చింది. మరుసటి పొద్దుటికి మళ్ళీ అంచులు తెల్లగా, ముందుకంటే ఇంకాస్త లోపలికి. ఆ కంప్యూటర్ ముట్టుకునేవాళ్ళు మా ఇంట్లో ఇంకెవరూ లేరు. నాకు దాన్ని తెరవడం కూడా రాదు.

ఆ తర్వాతే వాడు నడుస్తూ ద్వారబంధానికి భుజం కొట్టుకోవడం, పక్కనున్న చెంబును తన్నుకోవడం చూశాను. కర్నూలు తీసుకుపోయాను. డాక్టరు కళ్ళల్లో నీటికాసులన్నాడు. ఈ జబ్బులో చూపు చుట్టూ అంచుల నుంచి పోతూ వస్తుందని, నడిమిది చివరికి పోతుందని, పోయింది మళ్ళీ రాదని చెప్పాడు. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగాడు. రంగులు మార్చుకుంటూ కూర్చున్నామని ఎలా చెప్పను?

చుక్కల మందు వేస్తూనే ఉన్నాను. ఫోటోలో తడి తగ్గుతూనే ఉంది. పళ్ళెమంత, తర్వాత అరచెయ్యంత. వాడికి అంచులు కనపడవు కాబట్టి నన్నే అడిగేవాడు.

"ఇంకెంత ఉండాదక్కా?"

"శానా ఉండాది లే. పని చూసుకో."

సంగతి ఎలా పొక్కిందో, వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ కంప్యూటర్ మీదికి వంగి చూశారు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. పక్కనే కూర్చున్నవాణ్ణి, తిన్నావా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

చివరికి పచ్చకీ ఎర్రకీ తేడా తెలియక వాడు ఏదో పెద్ద తప్పు చేశాడు. ఉద్యోగం పోయింది. కంప్యూటర్ కంపెనీది కాబట్టి తీసుకుపోవడానికి కర్నూలు నుంచి ఒక మనిషి వచ్చాడు. మధ్యాహ్నం పూట. తమ్ముడు వాకిలి దగ్గర కూర్చుని అన్నం తింటున్నాడు. అప్పటికి ఫోటోలో తడి రూపాయి బిళ్ళంత మిగిలింది. వాడికి కూడా ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఇంకా తెలిసేది.

ఆ వచ్చినాయన టెర్మినల్ తెరిచి, "ఇదేం బొమ్మ? ఎండిపోయిన బండ పెట్టుకున్నాడే," అన్నాడు. అంటే నేను చూసిందే ఆయనా చూశాడు.

"ఆ బొమ్మ తీయొద్దు సార్," అన్నాను.

"అన్నీ మొదట ఉన్నట్టు పెట్టి తీసుకుపోవాలమ్మా. మా రూలు."

"ఫోటోనే కదా సార్. ఉంటే మీకేం బరువు?"

ఆయన నవ్వి ఏదో నొక్కాడు. బండ పోయింది. ఖాళీ తెర వచ్చింది.

"తలుపు ఎందుకేసినావక్కా?" అన్నాడు తమ్ముడు.

తలుపు బార్లా తీసి ఉంది. ఎండ వాడి కంచంలో అన్నం మీద పడుతోంది.

ఎట్లా అయినా పోయే చూపేనమ్మా అన్నాడు డాక్టరు. కావచ్చు. ఆ నిమిషానికే ఎందుకు పోయిందో ఆయన చెప్పలేదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకూ తెలియలేదు. ఇప్పుడు వాడికి అన్నం కలిపి పెట్టి పనికి పోతాను. పోయేముందు, తలుపు వేసిపోనా, తీసి ఉంచనా అని అడుగుతాను.

"ఏదైనా ఒకటే కదక్కా," అంటాడు.