మాస్టారు మార్పించిన తాళం

మా అమ్మాయికి చదువు చెప్పిన మాస్టారు పోయారు. ఆమెకు డాక్టరేటు వచ్చిందన్న సంతోషం పట్టలేక గోల్‌బజార్‌లో రసగుల్లాలు కొని, ఎదురైన ప్రతివాడి నోట్లో పెడుతూ ఇంటికొచ్చాను. గుమ్మంలో నిలబడి అమ్మాయి ఏడుస్తోంది. మాస్టారికని విడిగా కట్టించిన రసగుల్లాల కుండ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. బెంగాలీవారైనా, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మన తెలుగు పిల్లలతో పెరిగి మన మాటే మాట్లాడేవారు. కంప్యూటర్లు చెప్పే పెద్ద ప్రొఫెసరయ్యాక కూడా ఆదివారం ఆదివారం సైకిలు మీద మన తెలుగు సంఘం గదికి వచ్చేవారు. మూల బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచి పక్కవాళ్లకు పెట్టేవారు. తన వంతుకు పొట్టే మిగిలేది.

అమ్మాయి రీసెర్చి చేస్తానన్నప్పుడే రైల్వే ఆఫీసు నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఉద్యోగంలో చేరమన్నాను. ఆ సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చారు.

"ఏటి కాకా, పిల్ల సదువు మానిపించేత్తన్నావట?"

"తాళాల సదువంటగదండీ! దానికి గోల్‌బజార్‌లో తాళాలోడు లేడేటి?"

మాస్టారు పగలబడి నవ్వారు. "సరే, సంఘం గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"మెంబర్లందరి దగ్గరాను."

"ఎవరికైనా బదిలీ అయితే తాళం మారుత్తావా?"

"అదేటండీ! మనోడిని అనుమానించినట్టుండదా?"

"మరి సంఘం తబలా కనబడనప్పుడు ఎవరి పేరు సెప్పినారు?"

టాటానగర్‌కు బదిలీ అయిపోయిన మనిషి పేరే అందరం అనుకున్నాం. చివరికి ఆ తబలా మరమ్మతు దుకాణంలో దొరికింది.

"తాళం మార్సడం అనుమానం కాదు కాకా, మర్యాద. ఎల్లినోడి మీద మాట పడదు."

"మార్సినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి కొత్త సెవులు పంచితే నా సైకిలు సక్రాలరిగిపోవా?"

"అదే మీ అమ్మాయి సదువు! ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లు సంఘం కట్టి గుట్టుగా మాటాడుకుంటాయి. ఒకటి ఎల్లిపోతే తాళం మార్సాల, మిగతావాటికి కొత్త సెవి అందాల, తిరుగుడు మాత్రం తగ్గాల. నువ్వూ అలాగే సెయ్యి. నిమ్‌పురాకో పెట్టి, మలంచాకో పెట్టి. ఏ పేటోళ్ల పెట్టి ఆళ్లే తెరుత్తారు. గది కొత్త సెవులు పెట్టిలో పడేత్తే సాలు. మనిషి ఎల్లిపోయిన పేటలో మాత్రం ఇంటింటికీ తిరుగు, ఆ పెట్టి తాళం కూడా మార్సు."

ఏడో క్లాసు దాటని నా బుర్రకు అది ఎక్కిందంటే, అది ఆయన గొప్పే. అమ్మాయి ఆయన దగ్గరే రీసెర్చిలో చేరింది. మండే ఎండల్లో కూడా స్వెట్టరు పట్టుకుని ఆ చల్లటి కంప్యూటర్ల గదికి పోయేది. మన సంఘానికి పెట్టెలొచ్చాయి. ఆ తర్వాత వెళ్లిపోయిన వాళ్లెవరి మీదా మనం మాట పడనివ్వలేదు. ఒంట్లో బాగులేకపోయినా, అమ్మాయి ఆఖరి పరీక్షలో మాస్టారు చివరిదాకా కూర్చున్నారట. బయటికొచ్చాక "మీ నాన్నకి సెప్పు, తాళాలోడు ఓడిపోనాడని" అన్నారట. నాకందిన ఆయన ఆఖరి మాట అదే.

కర్మకాండలు ముగిశాక ఆయన భార్య, మనమందరం బౌదీ అని పిలుచుకునే వదినగారు, సంఘం గదికొచ్చి ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టారు. "తాలా బదల్ దీజియే కాకా, తాళం మార్చేయండి. ఆయన అదే చెప్పేవారు కదా" అన్నారు. దాన్ని తీసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మా అమ్మాయి తీసుకుంది. "మారుద్దాం నాన్నా. సార్ చెప్పిన మర్యాదే కదా."

నేనే గోల్‌బజార్ వెళ్లి కొత్త తాళం తెచ్చాను. మొదటి చెవి ఏ పెట్టెలోనూ వెయ్యలేదు. "బౌదీ, ఇకమీదట మాస్టారి మూల బెంచీలో మీరు కూర్చోవాల" అని ఆమె చేతిలో పెట్టాను. ఆమె కొంగున ఇంటి తాళాల గుత్తి ఉంది. దానికే ఆ చెవినీ తగిలించి, బెంగాలీ ఆడవాళ్లు వేసుకున్నట్టే కొంగు భుజం మీదుగా వెనక్కి వేసుకున్నారు. మెట్లు దిగి వెళ్తుంటే వీపు మీద గుత్తి గలగలలాడింది. నల్లబడిన పాత చెవుల మధ్య కొత్తదొక్కటే, రోడ్డు మలుపు తిరిగేదాకా మెరుస్తూనే ఉంది.